సంపులో నీళ్లు యాడికి పోతున్నట్టు?

బైరాగిపట్టెడ, తిరుపతి

ఒరే మామా,

చిత్తూరులో ఇల్లు శ్లాబు దాకా వచ్చిందన్నావు, సంతోషం రా. ప్లంబరు పైపులు బిగించేలోపు ఇది చదువు.

మాకు కార్పొరేషన్ నీళ్లు రాత్రిపూట వస్తాయి. సంపులో దబదబా పడే సప్పుడుకి నాయనకు నిద్ర పట్టేది కాదు. నేను పెద్ద ఇంజినీరు మాదిరి పైపుకి నాలుగడుగుల ముక్క అతికించి నీళ్లలోకి దించేసినా. సప్పుడు పోయింది, నాయన గురక మొదలైంది.

వారం తిరక్కుండానే అంచు దాకా నిండిన సంపు తెల్లారేసరికి అడుగున్నర దిగిపోతా ఉండాది. బీటలేమో అని మేస్త్రీతో లోపలంతా పూత వేయించినా. మా అమ్మేమో పై వాటా వాళ్లను అనుమానించింది. పాపం, ఆయమ్మ రెండ్రోజులు మాతో మాట్లాడలా.

చివరికి తెల్లవారుజామున ఒక ముసలి ప్లంబరు వచ్చి గేటు దగ్గర కొళాయి తిప్పినాడు. నీళ్లు రాకపోగా గాలిని లోపలికి పీలుస్తా ఉండాది! సప్లై ఆగినాక కింది వీధిలో ఎవరో లైనుకే మోటారు పెట్టి లాగుతుండారు. నా పైపు మూతి నీళ్లలో మునిగి ఉంది గదా, బోండాంలో స్ట్రా మాదిరి మా నీళ్లన్నీ వాళ్లింటికి పోతుండాయి. మోటారు లేకపోయినా లైన్లో నీళ్లు పల్లానికి జారేటప్పుడు ఇట్లే లాగుతాయంట. కల్యాణి డ్యాం నుంచి మా ఇంటిదాకా వచ్చి మళ్లీ వీధినపడినాయి చూడు!

నీళ్లు పోతే పోయె. సబ్బు బకెట్‌లో ట్యూబు ముంచి కొళాయి వదిలేస్తామే, ఆ నురగ కూడా ఇట్లే లైన్లోకి పోయి ఎవరి బిందెలోనో పడుతుంది. 1933లో చికాగోలో రెండు హోటళ్లలో మురుగు తాగేనీళ్లలో కలిసి, అమీబా విరేచనాలతో 98 మంది పోయినారంట.

ఆ ముక్క కోసేసినా. సంపు నిండినా పైపు మూతి నీళ్లకు తగలకూడదు. పైపు వెడల్పుకు రెండింతలు, ఎంత తక్కువన్నా ఒక అంగుళం ఎడం ఉండాల. మీటరు తర్వాత ఎన్నార్వీ, అంటే నీళ్లను వెనక్కి పోనీకుండా ఆపే వాల్వు, కూడా పెట్టించినా. దాని మీద బాణం గుర్తు నీళ్లు వచ్చే దిక్కుకే ఉండాల. మావాడు మొదట తిరగేసి బిగించినాడు, రాత్రంతా చుక్క రాలా! ఇసక ఇరుక్కుంటే దాని రేకు మూసుకోదు, కాబట్టి నాకు నమ్మకం ఆ ఎడం మీదే. బోరు లైనునీ కార్పొరేషన్ లైనునీ గేటువాల్వు నమ్ముకుని కలపొద్దు. రెండూ వేర్వేరుగా సంపులో పడనీ.

నాయన మంచం మాత్రం ముందు గదిలోకి మార్చినా. గృహప్రవేశం ఎప్పుడో రాయి.

నీ మామ