ట్యాగ్ ఊరికొచ్చింది, బొమ్మ చేసేవాడికి రాలేదు

ఎడిటర్ గారికి నమస్కారం,

ఏ పేపర్ తీసినా ఫలానా స్వీటుకి జీఐ ట్యాగ్ (ఈ సరుకు ఫలానా చోటిదని ఇచ్చే ప్రభుత్వ గుర్తింపు) వచ్చింది, ఫలానా చీరకి వచ్చింది అని ఫోటోతో సహా వేస్తున్నారు, సంతోషమే, కానీ వచ్చాక ఏం చెయ్యాలో ఎవరూ రాయట్లేదండి. నాది ఎంవీపీ కాలనీలో చిన్న షాపు, ఏటికొప్పాక లక్క బొమ్మలు అమ్ముతాను, పదిహేను రోజులకోసారి బస్సెక్కి అడ్డరోడ్డులో దిగి సరుకు తెచ్చుకుంటాను. జిల్లాలు విడగొట్టాక ఆ ఊరు అనకాపల్లిలోకి పోయింది గానీ బీచ్‌కొచ్చిన టూరిస్టులకి ఇప్పటికీ అది వైజాగ్ బొమ్మే.

పోయిన నెల ఒకావిడ షాపుకొచ్చి ఫోన్ చూపించి "ఇదే బొమ్మ యాప్‌లో సగం రేటుకి వస్తోంది కదండీ" అంది, చూస్తే పేరు కూడా ఏటికొప్పాక అనే రాసుంది. ఒళ్ళు మండి నేనూ ఒకటి ఆర్డర్ పెట్టాను. డబ్బా విప్పగానే పెయింట్ కంపు, తడిగుడ్డతో తుడిస్తే ఎర్రరంగు గుడ్డకి వచ్చేసింది. మన బొమ్మకి పెయింట్ వెయ్యరు. అంకుడు కర్ర మిషన్ మీద గిర్రున తిరుగుతుంటే రంగు కలిపిన లక్క కడ్డీ దానికి ఆనిస్తారు, ఆ రాపిడి వేడికి లక్క కరిగి చెక్కకి పట్టేస్తుంది, ఆపైన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. ఆ రంగులు కూడా పసుపు, జాఫ్రా గింజలు లాంటివాటి నుంచి తీసేవే.

ఈ సంగతి ఊళ్ళో ఒక పెద్దాయనకి చెప్పి మనకి 2017లోనే జీఐ వచ్చింది కదా తాతా, కంప్లైంట్ పెట్టొచ్చు కదా అంటే ఆయన చెయ్యి ఆపకుండానే "ఆ ట్యాగు ఊరికొచ్చింది బాబూ, నాకేటొచ్చింది?" అన్నాడు.

ఆయనన్నది చట్టం ప్రకారం కూడా కరెక్టేనండి. దేశం మొత్తానికి జీఐ రిజిస్ట్రీ ఒక్కటే, చెన్నై గిండీలో ఉంది. దాని రిజిస్టర్‌లో రెండు భాగాలుంటాయి, మొదటిదాంట్లో వస్తువు పేరు, రెండోదాంట్లో దాన్ని తయారుచేసేవాళ్ళ పేర్లు, వీళ్ళనే ఆథరైజ్డ్ యూజర్ అంటారు. ఆ రెండోదాంట్లో పేరుంటేనే ఆ ట్యాగ్ తనదని వాడుకునే హక్కు, నకిలీ మీద తన పేరుతో కేసు వేసే హక్కు. అందులో పేరు ఎక్కించుకోవడానికి ఒక ఫారం ఉంది, ఒకప్పుడు దానికి ఫీజు 500 ఉండేది, 2020లో 10 రూపాయలు చేశారు. పది రూపాయలండీ, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర టీకి కూడా సరిగ్గా చాలవు. డబ్బులు ఎక్కువై ఎవరూ ఆగిపోలేదు, అలాంటి ఫారం ఒకటుందనే తెలీదు అంతే.

ఇంకోటి, జీఐ ఊరందరిదీ, ట్రేడ్‌మార్క్ మాత్రం ఎవడిది వాడిదే. మంచి చెయ్యి ఉన్నవాడు తన గుర్తు తను రిజిస్టర్ చేసుకోవచ్చు, ఒక క్లాసుకి, అంటే ఒక రకం సరుకుకి, ఆన్‌లైన్‌లో 4,500, పదేళ్ళు ఉంటుంది, మళ్ళీ రెన్యూవల్. ట్రేడ్‌మార్క్‌ల కోసం దేశాలు చేసుకున్న మాడ్రిడ్ ప్రోటోకాల్ అనే ఒప్పందంలో మనదేశం 2013లో చేరింది కాబట్టి ఇక్కణ్ణుంచే ఒక్క అప్లికేషన్‌తో బయటి దేశాలకీ అడగొచ్చు, ఎక్స్‌పోర్ట్ చేద్దామనుకునేవాళ్ళకి ఇది చాలా అవసరం, ఎందుకంటే ఇక్కడి జీఐ అయినా ట్రేడ్‌మార్క్ అయినా ఇక్కడివరకే, అక్కడ నకిలీకి అడ్డం పెట్టాలంటే అక్కడా రిజిస్టర్ అవ్వాల్సిందే.

పేటెంట్లు, ట్రేడ్‌మార్క్‌లు లాంటివాటి మీద సదస్సులు సిటీలో ఏసీ హాళ్ళలో చాలానే పెడతారు, వద్దనట్లేదు. ఒక్కటి ఏటికొప్పాకలో పెట్టి, కంప్యూటర్ తెలిసిన ఇద్దరు కుర్రాళ్ళని కూర్చోబెట్టి అక్కడికక్కడే ఫారాలు నింపిస్తే ఒక్కరోజు పని. జిల్లా పరిశ్రమల కేంద్రం వాళ్ళు తలుచుకుంటే అదేం పెద్ద విషయం కాదు. మీరు కూడా ఈసారి ట్యాగ్ వార్త వేసినప్పుడు కింద రెండు లైన్లు ఈ ఫారం గురించి వెయ్యండి సార్.

ఈ ఆదివారం నేను ఎలాగూ సరుక్కి వెళ్తున్నాను, తాతని ఆధార్ జిరాక్స్ తీయించి ఉంచమన్నాను.

- ఒక బొమ్మల షాపు యజమాని, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం