నా నీళ్ల సీసా తీసేయకండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నాకు డయాబెటిస్ ఇన్సిపిడస్ ఉంది. పేరు వినగానే అందరూ షుగర్ అనుకుంటారు. కాదండీ. మెదడు కింద బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి రావాల్సిన వాసోప్రెసిన్ అనే హార్మోన్ నాకు రాదు. అది లేకపోతే కిడ్నీలు నీటిని పట్టి ఉంచలేవు. మందు పడకపోతే తాగినదంతా మూత్రంగా పోతుంది, రాత్రంతా గంటకోసారి లేవాల్సిందే.

ఆమధ్య ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరాను. నర్సు వేలికి సూది గుచ్చి, "షుగర్ నార్మలే కదా" అంటూ ఆ హార్మోన్ లోటు తీర్చే నా డెస్మోప్రెసిన్ మాత్రలు పక్కన పెట్టేసింది. మంచం దగ్గరి నీళ్ల సీసా కూడా తీసేశారు. సాయంత్రానికి నాలుక అంగిటికి అంటుకుపోయింది, మాట తడబడింది. రక్తంలో సోడియం పెరిగిపోయిందట. అది ప్రాణం మీదికి తెస్తుంది. ఆమెను తప్పుపట్టను, ఆమెకెవరూ నేర్పలేదు.

ఈ గందరగోళం వల్లే 2022లో వైద్య నిపుణులు దీని పేరును ఆర్జినిన్ వాసోప్రెసిన్ లోపంగా మార్చాలన్నారు. నా కేస్ షీట్‌లో మాత్రం ఇంకా పాత పేరే ఉంది. దాన్ని మార్పించండి. అత్యవసర విభాగాల్లో డెస్మోప్రెసిన్ ఎప్పుడూ ఉండేలా చూడండి. తనకీ జబ్బు ఉందని రోగి చెబితే, ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల డాక్టరును) అడగకుండా ఆ మందు ఆపకూడదని రాతపూర్వకంగా ఆదేశించండి.

వచ్చే నెల నాకు మళ్లీ ఆపరేషన్ ఉంది. ఆలోగా మీ జవాబు వస్తుందని ఎదురుచూస్తుంటాను.