పఫ్‌లో వాడింది వెన్నా, వనస్పతా?

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో ఏ వీధికి వెళ్లినా సాయంత్రం నాలుగు దాటేసరికి బేకరీ అద్దాల పెట్టెలో ఎగ్ పఫ్‌లు సిద్ధంగా ఉంటాయి. వాటిలో ఏది మేలన్న వాదన వచ్చినప్పుడు అందరూ లోపలి ఉల్లిపాయ మసాలా గురించో, గుడ్డు సగమే పెట్టారనో మాట్లాడతారు గానీ, నా దృష్టిలో పఫ్ మంచిచెడ్డలు తేలేది దాని పొరల దగ్గర, ఆ పొరల మధ్య వాడిన కొవ్వు దగ్గర.

మైదా ముద్దను పలచగా ఒత్తి, దానిపై కొవ్వు పరచి, మడిచి, చల్లబరచి, మళ్లీ ఒత్తుతూ పోతే ఒకదానిపై ఒకటిగా పొరలు ఏర్పడతాయి. ఓవెన్ వేడికి లోపలి తడి ఆవిరై వాటిని పైకి లేపుతుంది. వెన్న మన ఒంటి వేడికంటే తక్కువ ఉష్ణోగ్రతకే కరుగుతుంది కనుక నోట్లో నిలవకుండా, పాల వాసన మాత్రం మిగిల్చి జారిపోతుంది. పేస్ట్రీల కోసం తయారయ్యే గట్టి వనస్పతి, మార్జరిన్‌లు అంత తేలికగా కరగవు కనుక పఫ్ తిన్న చాలాసేపటి వరకు అంగిట్లో జిడ్డు తెలుస్తూనే ఉంటుంది. మే నెల ఎండల్లో ఏసీ లేని వంటగదిలో వెన్నతో పొరలు వేయడం దాదాపు అసాధ్యమని, ధరలోనూ చాలా తేడా ఉందని తెలుసు కాబట్టి, వనస్పతి వాడేవారిని నేను తప్పుపట్టను.

నాకు ఎంతో ఇష్టమైన మా వీధి బేకరీ పఫ్‌నే ఈ లెక్కన తూచితే, అంచులు పట్టుకోగానే పొడిపొడిగా రాలతాయి, రంగు ముదురు గోధుమ, మసాలాలో మిరియాల ఘాటు సరిగ్గా కుదిరింది; గుడ్డు కింది పొర మాత్రం ఎప్పుడూ కాస్త పచ్చిగానే ఉంటుంది. ‘బటర్ పఫ్’ అని చీటీ పెట్టి అమ్ముతున్నా, నాలుక మీద మిగిలేది వనస్పతి జిడ్డే. అడిగితే "బటరే సార్" అన్న జవాబు తప్ప మరొకటి రాదు.

ప్యాకెట్‌లో అమ్మే బిస్కెట్‌పై ఏ కొవ్వు వాడారో ముద్రించాల్సిందే. నూనెలు, కొవ్వుల్లో గుండెకు చేటు చేసే ట్రాన్స్ ఫ్యాట్ అనే కొవ్వు 2 శాతం మించరాదన్న నిబంధన కూడా 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. విడిగా అమ్మే మిఠాయిల ట్రేలపై ఎప్పటిలోగా తినాలో 2020 అక్టోబరు నుంచి రాయాలని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆదేశించినప్పుడు, పఫ్‌ల ట్రేపై వెన్నో వనస్పతో రాయించడం అంత కష్టమేమీ కాదు. ఆహార భద్రత అధికారులు ఈ విషయం ఆలోచించాలి. అసలు వెన్నతో చేస్తే పఫ్‌కు పది రూపాయలు ఎక్కువ ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. వనస్పతి అని నిజాయితీగా రాసి, ఆ కింది పొరను ఇంకాస్త కాల్చి ఇచ్చినా సంతోషంగానే కొంటాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హైదరాబాద్