బీపీ, షుగర్ ఉన్నవారి కీళ్ల నొప్పికి సొంత వైద్యం వద్దు

అధిక రక్తపోటు, మధుమేహం ఉన్నవారికి హఠాత్తుగా వచ్చే కీళ్ల నొప్పిని వయసు మీద పడిందని సరిపెట్టుకుని, మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న మాత్రలతో అణచివేయడం ప్రమాదకరం. ఈ రెండు జబ్బులూ ఉన్న మా నాన్నగారికి ఒక అర్ధరాత్రి కాలి బొటనవేలి మొదట్లోని కీలు ఎర్రగా వాచి, దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి పుట్టింది. దుకాణదారు ఇచ్చిన నొప్పి మాత్ర డైక్లోఫెనాక్‌తో నొప్పి తగ్గింది గానీ మూడు రోజుల్లో రక్తపోటు పెరిగి, పాదాలకు నీరు పట్టింది. అది గౌట్ (రక్తంలో యూరిక్ ఆమ్లం అనే వ్యర్థం ఎక్కువై, కీళ్లలో స్ఫటికాలుగా పేరుకుని వచ్చే వాపు) అనీ, ఆయన ఏళ్లుగా వాడుతున్న బీపీ మాత్రలోని హైడ్రోక్లోరోథయాజైడ్ రక్తంలో యూరిక్ ఆమ్లాన్ని పెంచగలదనీ వైద్యుడు చెప్పేదాకా మాకు తెలియదు. ఇటువంటి నొప్పి మాత్రలు అసలే నలిగిన మూత్రపిండాలను మరింత దెబ్బతీస్తాయి, వాపు తగ్గడానికి వాడే స్టెరాయిడ్లు రక్తంలో చక్కెరను అమాంతం పెంచుతాయి; వాపుతో పాటు జ్వరమూ ఉంటే అది కీలులో చేరిన ఇన్‌ఫెక్షన్ కావచ్చు, మధుమేహ రోగుల్లో దానికి అవకాశం ఎక్కువ, అప్పుడు ఒక్క రోజు ఆలస్యమూ కీలును పాడుచేయవచ్చు. నొప్పి ఉద్ధృతంగా ఉన్న సమయంలో యూరిక్ ఆమ్లం మామూలుగానే కనిపించవచ్చు కనుక, తగ్గిన రెండు వారాలకు మరోసారి పరీక్షించకుండా గౌట్ కాదని తేల్చేయకూడదు. బీపీ మందు మొదలుపెట్టేటప్పుడే యూరిక్ ఆమ్లం, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది) పరీక్షలు చేయించి, ఆ రోగి వాడకూడని నొప్పి మాత్రల పేర్లను వైద్యులు చీటీ మీదే రాసివ్వాలి. చీటీ లేకుండా వాటిని అమ్మే దుకాణాలను ఔషధ నియంత్రణ అధికారులు కట్టడి చేయాలి.