సమాధుల దగ్గర చదవాలి, డబ్బా బయట వెతకాలి

సంపాదకుల వారికి,

చారిత్రక శ్మశానాల్లో సైనికుల సమాధుల మధ్య పజిల్ నిధి వేటలు పెట్టడం అపచారమని కొందరు, పిల్లలకు చరిత్ర ఒంటబట్టే దారి ఇదేనని మరికొందరు వాదిస్తుంటారు. వేటను ఎలా కూర్చాలో మాత్రం ఇద్దరూ మాట్లాడరు. తగువంతా అక్కడే ఉంది. ఈ వేటలో ఆటగాడు రాళ్ల మీది అంకెలు చదివి, వాటితో ఒక చోటి అక్షాంశ రేఖాంశాలు కట్టి, అక్కడ దాచిన డబ్బాను వెతుక్కుంటాడు. సమాధి దగ్గర ఆటగాడికి చదవడం తప్ప మరో పని ఉండకూడదు. దొరకాల్సిన డబ్బా ప్రహరీ బయట ఉండాలి. లోపల ఏదీ దాచకపోతే గడ్డి పెకలించేవాడూ ఉండడు, పూలకుండీ జరిపేవాడూ ఉండడు.

పజిల్ సరుకంతా రాళ్ల మీదే ఉంటుంది. బ్రిటన్, దాని కామన్వెల్త్ దేశాల యుద్ధ మృతుల సమాధులను చూసుకునే కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం నిలిపిన రాయి ఎత్తు 813 మిల్లీమీటర్లు, వెడల్పు 381. సిపాయికైనా జనరల్‌కైనా అదే కొలత. పైన రెజిమెంట్ చిహ్నం, ఆ కింద సర్వీసు నంబరు, హోదా, పేరు, దళం, మరణించిన తేదీ, తెలిస్తే వయసు ఉంటాయి. అడుగున ఇంటివాళ్లు చెక్కించిన మాట, ఖాళీలతో కలిపి 66 అక్షరాల లోపు. అంకెలకు కొదవ లేదు, ఉచ్చులకూ లేదు. మొదటి ప్రపంచ యుద్ధపు అధికారుల రాళ్ల మీద సర్వీసు నంబరు ఉండదు. న్యూజిలాండ్ సైనికుల రాళ్ల మీద ఇంటివాళ్ల మాట ఉండదు, ఆ ప్రభుత్వం ఒప్పుకోలేదు. యుద్ధం 1918లో ముగిసింది కదా అని ఆ ఏడాదితో లెక్క ఆపితే దెబ్బతింటాం, 1921 ఆగస్టు 31 దాకా మరణించినవారినీ ఆ యుద్ధపు మృతులుగానే సంఘం లెక్కించింది.

పేరులేని రాళ్లను పజిల్‌లోకి లాగవద్దు. అమెరికా అంతర్యుద్ధపు జాతీయ శ్మశానాల్లో గుర్తు తెలియనివారికి ఆరంగుళాల చదరపు దిమ్మె పెట్టి, దాని నెత్తిన ఒక్క నంబరు చెక్కారు. కూర్పరికి అంతకంటే సులువైన అంకె దొరకదు. అయినా ఆ మనిషికి మిగిలింది ఆ నంబరొక్కటే, దాన్నీ మన కూడికలో వేసుకోవడం బాగుండదు. ఇంటివాళ్ల మాటలోని అక్షరాలు తారుమారు చేసి పొడుపుకథ అల్లడం కూడా అలాంటిదే.

ఇక లెక్క. డబ్బా ఉన్న చోటి అక్షాంశ రేఖాంశాలను డిగ్రీలు, నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు), నిమిషంలో మూడు దశాంశాలుగా రాస్తారు. డిగ్రీలు, పూర్తి నిమిషాలు ముందే చెప్పేసి, ఆఖరి మూడేసి అంకెలు మాత్రం రాళ్ల నుంచి రప్పించాలి. మొత్తం ఆరంకెలు, ఆరు రాళ్లు. అక్షాంశంలో ఒక నిమిషం దాదాపు 1852 మీటర్లు. కాబట్టి మూడో దశాంశంలో ఒకటి తప్పితే 1.85 మీటర్ల తేడా, ఎవరికీ తెలియను కూడా తెలియదు. రెండో దశాంశమైతే 18.5 మీటర్లు, పక్క పొదలో వెతుకుతారు. మొదటిదైతే 185 మీటర్లు, ఎవరి పెరట్లోనో దిగుతారు. అందుకే మొదటి దశాంశానికి అన్నిటికంటే స్పష్టంగా కనిపించే రాయిని కేటాయించాలి. రేఖాంశంలో ఈ దూరాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ తగ్గుతాయి, 60 డిగ్రీల దగ్గర సగమే.

సరిచూసుకునే అంకె ఇవ్వకుండా ఆటగాళ్లను పంపకూడదు. 'ఆరూ కూడితే 27 రావాలి' అన్నది చాలామంది వాడే పద్ధతి, కానీ అంకెలు తారుమారైతే అది పట్టుకోలేదు. 3, 5 అయినా 5, 3 అయినా మొత్తం ఎనిమిదే. మొదటి అంకెను ఒకటితో, రెండోదాన్ని రెండుతో, అలా ఆరు దాకా హెచ్చవేసి కూడమంటే తేడా బయటపడుతుంది: 3, 5కి 13 వస్తుంది, 5, 3కి 11.

'ఎడమ నుంచి మూడో వరుస' అని రాస్తే సగంమంది తప్పిపోతారు, ఎడమ ఏదన్నది ఎటు తిరిగి నిలబడ్డారన్న దాన్నిబట్టి మారుతుంది. పెద్ద యుద్ధ శ్మశానాల్లో ప్రతి సమాధికీ విభాగానికి రోమన్ అంకె, వరుసకు అక్షరం, సమాధికి సంఖ్య ఉంటాయి. ఆ గుర్తే ఇవ్వాలి. ఆరు రాళ్లూ నడక బాట నుంచి చదవగలిగేవి కావాలి. రాళ్ల ముందు పూలమొక్కల పాదు ఉంటే అందులో కాలు పెట్టకూడదు. పాత రాయిని ఆనుకోనివ్వకూడదు, అమెరికా ప్రభుత్వం ఇచ్చే నిలువు పాలరాయి ఒక్కటే 100 కిలోల పైన తూగుతుంది, ఒరిగి ఉన్నది పిల్లల మీద పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఎక్కువ ఫిర్యాదులు చదవలేకపోవడం దగ్గరే. సంఘం రాళ్లలో చాలావరకు పోర్ట్‌లాండ్ సున్నపురాయి. వానకు అరిగి, నాచు పట్టి 3 కాస్తా 8లా, 1 కాస్తా 7లా కనిపిస్తాయి. అప్పుడు చేతులు ఊరుకోవు, సుద్ద రుద్దుతారు, షేవింగ్ నురగ పూస్తారు, తీగ బ్రష్ తీస్తారు. మూడూ రాయిని తినేస్తాయి. కాగితం పరిచి క్రేయాన్‌తో అచ్చు తీయడం కూడా వద్దు. వెలుతురు పక్క నుంచి పడితే చాలు, గీతల్లో నీడ నిలిచి అక్షరం లేచి కనిపిస్తుంది. ఎండ రాయి ముఖాన్ని ఏటవాలుగా రాసుకుపోయే వేళ వెళ్లాలి. ఎండ తగలని రాయికి చిన్న అద్దంతోనో టార్చితోనో పక్క నుంచి వెలుతురు వేయాలి. ఎదురుగా ఫ్లాష్ కొడితే ఉన్న అక్షరమూ పోతుంది.

కొన్ని రాళ్ల మీద నాణేలు, గులకరాళ్లు కనిపిస్తాయి. చూడవచ్చినవాళ్లు గౌరవంగా ఉంచినవి అవి. ఆటగాడు వాటినీ ఆధారాలనుకుని తీసి చూస్తాడు. 'రాయి మీదున్న వస్తువు ఏదీ పజిల్‌లో భాగం కాదు' అన్న మాట ప్రశ్నపత్రంలో మొదటి వరుసలోనే ఉండాలి.

అనుమతి శ్మశానం చూసేవారి దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాలి, డబ్బా పెట్టే స్థలం వేరొకరిదైతే వారి దగ్గరా తీసుకోవాలి. జీపీఎస్‌తో డబ్బాలు వెతికే జియోక్యాషింగ్ ఆట నియమాల ప్రకారం స్థల యజమాని స్పష్టమైన అనుమతి లేకుండా డబ్బా కోసం గొయ్యి తవ్వకూడదు, మరో డబ్బాకు కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి. చదివి వచ్చే మజిలీలకు ఈ దూరం వర్తించదు కాబట్టి ఆరు రాళ్లూ ఒకే వరుసలో ఉన్నా ఫరవాలేదు. యుద్ధ మృతుల స్మారక దినాలైన నవంబరు 11న, ఏప్రిల్ 25న, అంత్యక్రియలు జరిగే రోజున వేట మూసేయాలి.

ఆధారాలను ఆన్‌లైన్ జాబితా చూసి కూర్చవద్దు. జాబితాలో సర్వీసు నంబరు ఒకటుండి రాయి మీద మరొకటి ఉండవచ్చు, ముఖ్యంగా 1917లో కొత్త నంబర్లు పొందిన బ్రిటిష్ టెరిటోరియల్ (పార్ట్‌టైమ్ స్వచ్ఛంద సైనికుల) దళాలవారికి. అరిగిన రాళ్లను తీసి కొత్తవి నిలుపుతుంటారు, ఆ సందర్భంలో తప్పు తేదీ సరిదిద్దితే మన అంకె మారిపోతుంది. అందుకే ప్రతి రాయికీ ఒక మారు రాయి ముందే రాసిపెట్టుకుని, ఏటా ఒకసారి ఆరూ తిరిగి చదివి రావాలి.

భవదీయుడు,
ఒక పజిల్ కూర్పరి