ఐదెకరాల మెట్ట

ఒరేయ్,

ఫోన్లో చెబుదామంటే అక్కడ సిగ్నల్ లేదు, అందుకే రాస్తున్నాను. కొనేశాను రా! నిన్ననే రిజిస్ట్రేషన్ అయింది. ఐదెకరాలు. కానీ నీకు ఫొటోలు పంపిన వాగు ఒడ్డు పొలం కాదు, దాని పైన ఏటవాలుగా ఉన్న మెట్ట.

నీకు మనసు చివుక్కుమంటుందని తెలుసు. నాకూ అదే నచ్చింది. మొదటిసారి వెళ్లినప్పుడు ఆ మట్టి చేతిలోకి తీసుకుంటే నల్లగా, మెత్తగా, వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. పక్కనే గలగలమంటూ నీళ్లు. అక్కడికక్కడే బయానా ఇచ్చేద్దామనిపించింది. మధ్యవర్తి కూడా రేపు ఇంకొకరు వస్తున్నారని తొందరపెట్టాడు. ఆ తొందర చూసే ఆగాను.

వానలు వెనకబట్టాక మళ్లీ వెళ్లాను. పక్క పొలం పెద్దాయన నన్ను గట్టు మీదికి తీసుకెళ్లి ఒక చెట్టు చూపించాడు. దాని బెరడు మీద నా నడుమెత్తున ఎండిన బురద చార. చారకి కాస్త కింద కొమ్మ సందులో గడ్డి, పుల్లలు, ఒక తెగిన తాడు ఇరుక్కుని, అన్నీ వాగు పారే వైపుకే వాలి ఉన్నాయి. "వాగు ఇక్కడిదాకా వస్తుంది బాబూ" అన్నాడు. నాకు మాట రాలేదు. నేను మురిసిపోయిన ఆ మట్టి వాగు తెచ్చి పోసిన ఒండ్రే కదా!

చలికాలంలో ఇంకోసారి వెళ్లి రాత్రి అక్కడే ఉన్నాను. తెల్లవారుజామున వాగు ఒడ్డున గడ్డంతా తెల్లగా మంచు పేరుకుంది. థర్మామీటర్ సున్నా చూపిస్తోంది. వాలెక్కి ఈ మెట్ట దగ్గరికొస్తే 4 డిగ్రీలు! పైకి పోయేకొద్దీ చలి పెరుగుతుందని కదా మనం చదువుకున్నది. మబ్బూ గాలీ లేని రాత్రుల్లో మాత్రం చల్లగాలి బరువెక్కి, నీళ్లలాగే వాలు వెంట దిగి లోయ అడుగున నిలిచిపోతుందట. పూత మీదున్న చెట్లకి అలాంటి రాత్రి ఒక్కటి చాలు. నేను పెట్టాలనుకుంటున్నది తోట కాబట్టి అక్కడితో నా మనసు పైకి మళ్లింది.

మెట్టకీ లోపాలున్నాయి. మూడు చోట్ల గొయ్యి తవ్వించాను. రెండు చోట్ల మోకాలి లోతు దాకా మంచి మట్టే, మూడో చోట జానెడు లోతులోనే రాయి తగిలింది. ఆ భాగం గడ్డికి వదిలేస్తాను. నీళ్ల గురించే నాకు ఎక్కువ టెన్షన్ ఉండేది. పై అంచున చిన్న ఊట ఉంది. వానాకాలంలో ఏ ఊటైనా పారుతుంది, అందుకే ఎండలు ముదిరే దాకా ఆగి బకెట్ పెట్టి చూశాను. 20 లీటర్ల బకెట్ నిండడానికి 80 సెకన్లు పట్టింది. అంటే రోజుకి 21,600 లీటర్లు. వాన నీళ్లకి కుంట కూడా తవ్విస్తాను. ఎకరం మీద 10 మిల్లీమీటర్ల వాన పడితేనే 40 వేల లీటర్లు, అందులో కొంత ఆపుకున్నా చాలు.

అన్నిటికంటే నలిగింది దారి దగ్గర. బండి వెళ్లే బాట వేరేవాళ్ల పొలంలోంచి పోతుంది. "ఎప్పట్నుంచో వెళ్తున్నారు, ఎవరూ అడ్డుకోరు" అన్నారు. వాళ్లు మంచివాళ్లే, కాదనను. రేపు వాళ్లు అమ్ముకుంటే కొన్నవాడు ఏమంటాడు? దారి హక్కు రాతపూర్వకంగా రిజిస్టర్ చేయించే దాకా నేను సంతకం పెట్టలేదు. హద్దులు కూడా సర్వేయర్‌తో కొలిపించాను. ఒక హద్దు రాయి పది అడుగులు ఇవతలికి జరిగి ఉంది. పక్కాయనతో కూర్చుని మాట్లాడుకుని, మళ్లీ సరైన చోట పాతాం.

ఇంత తిరిగినందుకు నాకు దక్కింది చెబుతాను విను. పొద్దున్నే ఆ ఊట దగ్గర కూర్చుంటే లోయలో పొగమంచు నెమ్మదిగా విడిపోతుంది, మొదట చెట్ల తలలు, తర్వాత గట్లు, ఆఖరున వాగు కనిపిస్తుంది. నువ్వు చూడాలి రా.

వచ్చే నెల తప్పకుండా రా. మొదటి వానలకి ముందే వాలుకి అడ్డంగా గట్లు వేయాలి, లేకపోతే ఉన్న మట్టి కాస్తా వాగు పాలవుతుంది. మేస్త్రీలు లెవెల్ చూసే ట్యూబ్ మీ ఇంట్లో ఉండాలి, అది తీసుకురా. నీళ్లు నింపి చెరో చివర పట్టుకుంటే గట్టు ఎటు పోవాలో గుర్తులు పెట్టుకోవచ్చు. ఆ పని ఒక్కడివల్ల కాదు.

నీ కోసం ఎదురుచూస్తూ ఉంటాను.