మోటుపల్లి పిచ్చి గురించి అడిగావుగా

చిన్నమ్మా,

రిటైరైనోడివి హాయిగా ఇంట్లో కూర్చోక ఈ పాత ఓడరేవుల మీద పుస్తకం రాసే గొడవ నీకెందుకు నాన్నా అని మొన్న ఫోన్లో అడిగావు. ఫోన్లో చెప్పబోతే మీ అమ్మ మధ్యలో దూరి మాట మార్చేస్తుంది, అందుకే రాస్తున్నా.

ఒంగోల్లో, నెల్లూరులో రిపోర్టర్‌గా ఉన్నన్నాళ్లూ సముద్రం మీద నేను రాసిందల్లా తుపాను హెచ్చరికలు, వేట నిషేధం, కృష్ణపట్నం పోర్టు వార్తలే. పాత రేవు మోటుపల్లిలో, వీరభద్రాలయంలో ఉన్న కాకతీయ రాజు గణపతిదేవుడి అభయ శాసనం (సముద్ర వర్తకులకు భరోసా ఇస్తూ రాతి మీద చెక్కించింది) చదివాక మాత్రం నిద్ర పట్టలేదు. 1244-45 నాటిది. తుపానుకు పగిలి మన ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు పాత రాజులు లాగేసుకునేవాళ్లట. మేం సుంకం తప్ప ఇంకేదీ ముట్టం, ప్రాణం కంటే ధనమే ఎక్కువని తెగించి సముద్రమెక్కినవాళ్ల మీద దయతో వదిలేస్తున్నాం అని చెక్కించాడు. అంత దయ చూపి, ఆ కిందే గంధం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు, దేనికెంత కట్టాలో వరసగా రాయించాడు చూడు! నాకైతే అచ్చం ప్రెస్‌నోట్ చదివినట్టే ఉంది. ఇంత భరోసా ఇవ్వాల్సిన అవసరం ఎందుకొచ్చింది, ఎవరు రావడం మానేశారు, లాభం ఎవరికి? ఉద్యోగంలో ఉన్నప్పుడు అడిగిన ప్రశ్నలే ఇప్పుడూ అడుగుతున్నా, కాకపోతే జవాబు చెప్పాల్సినవాళ్లు పోయి ఏడెనిమిది వందల ఏళ్లయింది.

తర్వాత ఆ శతాబ్దం చివర్లో మార్కో పోలో మోటుపల్లి సంగతులు రాశాడు. ఇక్కడి సన్నబట్టల్ని, రాణి పాలనని మెచ్చుకున్నాడు, బాగుంది, కానీ లోయలో మాంసం ముక్కలు విసిరితే వాటికి అంటుకున్న వజ్రాల్ని గద్దలు పైకి మోసుకొస్తాయనీ రాశాడు. మా డెస్కులో అయితే ఆ పేరా కొట్టేసేవాళ్లం.

పుస్తకంలో ఇంకో అధ్యాయం మన పాత నెల్లూరు జిల్లా తీరంలోని దుగరాజపట్నం. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అక్కడే ఆర్మగాన్ పేరుతో కోట కట్టుకుంది, అక్కడున్న కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే చవగ్గా బట్ట దొరికే చోటు వెతుక్కుంటూ దక్షిణానికి పోయి 1639లో మద్రాసు స్థలం సంపాదించాడు. నువ్వు ఉద్యోగం చేసే ఊరికి మన తీరం నుంచే మనిషి వెళ్లాడన్నమాట. 2022లో జిల్లాలు చీల్చేసరికి మోటుపల్లి బాపట్లకు, దుగరాజపట్నం తిరుపతికి పోయాయి, పుస్తకానికి నేననుకున్న పేరు మార్చాల్సొచ్చింది, అది వేరే తలనొప్పి.

నీతో పనుంది. మీ మద్రాసు ఎగ్మోర్‌లోని ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో పాత నెల్లూరు జిల్లా రికార్డులేమైనా ఉన్నాయేమో అడుగు. చూడనివ్వడానికి ఏ కాగితాలు అడుగుతారో ముందు ఫోన్ చేసి కనుక్కో. కాపీలిస్తే తీసుకో, ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపకు తల్లీ, ఆ చిన్నక్షరాలు నా కళ్లకు ఆనవు.

మీ నాన్న,
నెల్లూరు